ఆదిత్యాలు

నవంబరు చివర్లో ఒక మధ్యాహ్నం
ఈసాఫ్యోర్దుర్ వాళ్ళు సూర్యుణ్ణి కొండ వెనక్కి సాగనంపి
ఇళ్ళకొచ్చి కాఫీ పెట్టుకుంటారు.
మళ్ళీ జనవరి ఆఖరిదాకా రాడు.
అలిగి కాదు. కొండలు ఎత్తు, అతని దారి పల్లం, అంతే.

బోజెనాకి ఇది మూడో చలికాలం.
ఫ్యాక్టరీలో షిఫ్టంతా కాడ్ చేపల్ని కోస్తుంది.
ఎన్ని కోసిందో మిషను లెక్కపెడుతుంది, ఆమె పెట్టదు.
ఇంటికొస్తూ మెట్లెక్కే ముందు
కింది వాటా తలుపు తడుతుంది.

కింద సిగ్వాతుర్.
నలభై ఏళ్ళు పడవ కడుపులో ఇంజన్లకి నూనె పోసినవాడు.
ఇప్పుడు ఎడమ చెవిలో ఆ ఇంజను మోతొక్కటే మిగిలింది.
"మట్టి లేకుండానా?" అన్నాడు మొదటిరోజు.
"మట్టి లేకుండానే. దూది చాలు.
మా పొజ్నాన్‌లో ఈస్టరుకి కిటికీ కిటికీలో ఉంటాయి."
"ఈస్టరుకింకా నాలుగు నెలలుంది."
"నాకిప్పుడే కావాలి."

మందుల షాపులో దూది అయిపోయింది.
ముసలాయన లోపలికెళ్ళి
మోచెయ్యి చిరిగిన ఉన్ని స్వెట్టరొకటి తెచ్చి
ఒక చేతిని కత్తిరించి ఇచ్చాడు.
ఎవరల్లారో ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు.

చేపల థర్మకోల్ పెట్టె మూత, అందులో తడి ఉన్ని,
ఉన్ని మీద ఎర్రటి గింజలు, చారెడు కూడా కాదు.
నీళ్ళు తగలగానే ఒక్కొక్కటీ
చుట్టూ జిగురు కట్టుకుని కప్పగుడ్డులా ఉబ్బింది.
నేల దొరకనివి
తమ పట్టు తామే చేసుకుంటాయి కాబోలు.

మొదటి మూత బూజు పట్టింది.
నీళ్ళెక్కువ పోశావని ఆమె,
గాలాడనివ్వలేదని ఆయన.
ఒకరి భాష ఒకరికి పది ముక్కలే వచ్చినా
పోట్లాట మాత్రం ఎక్కడా తడబడలేదు.

రెండోసారి, బోర్లించిన మూకుడు కింద
రెండు రోజులు చీకట్లో ఉంచాలంది.
ఊరంతా ఉన్నది చాలదా అని గొణిగాడు.
మూడోనాడు మూకుడు తీస్తే
పాలిపోయిన మెడలు, నెత్తిన ఇంకా గింజ టోపీలు.
పడవ దిగేనాడు అడిగి తెచ్చుకున్న
ఇంజను గది దీపం వెలిగించాడు.
తెల్లారేసరికి అన్నీ అటే ఒరిగాయి,
పక్కవాడి పలకలోకి తొంగిచూసే బడిపిల్లల్లా.

తెలుగులో ఈ గింజల పేరు ఆదిత్యాలు.
ఎవరు పెట్టారో, ఎందుకో, నాకు తెలియదు.
పచారీ కొట్లో బాలింత మందుల పక్కన
పొట్లం కట్టిస్తారు.
మాకు ఎండ మిగిలిపోయి
గింజకి కూడా సూర్యుడి పేరు పెట్టేసి ఉంటాం.
వాళ్ళిద్దరికీ ఆ మాట తెలియదు.
చేపల పెట్టె మూతలో
వందలమంది ఆదిత్యుల్ని పెంచుతున్నామని తెలియదు.

పదో రోజుకి వేలెడు పొడుగు. ఇక కోయాలి.
రోజంతా కత్తి ఆడించే చెయ్యి
కత్తెర దగ్గర ఆగిపోయింది.
"కొయ్యకపోతే పసుపెక్కి పడిపోతాయి," ఆయనే అన్నాడు.
"తెలుసు."
మళ్ళీ చిగుర్చవు ఇవి. ఒక్కసారే.
ఒక పిడికెడు కోసింది.
రై రొట్టె, వెన్న, ఉడికిన గుడ్డు, పైన ఆ పచ్చదనం.
ఆవఘాటు ముక్కుకెక్కి
సిగ్వాతుర్ గట్టిగా తుమ్మాడు,
కళ్ళు తుడుచుకుంటూ తన భాషలో ఏదో అన్నాడు.
ఆమె తర్జుమా అడగలేదు. ఇంకో ముక్క వడ్డించింది.

జనవరి ఇరవై అయిదు.
ఇంటింటా పల్చటి పాన్‌కేకులు, కాఫీ వాసన,
కిటికీ తెరలు పక్కకి లాగి జనం.
అదృష్టం, మబ్బు లేదు.
కొండ భుజం మీంచి వెలుగు ముక్కొకటి
వీధి దాటి, గోడెక్కి, గాజులోంచి దూరి
నాలుగో మూత మీద పడింది.

మొలకలు పట్టించుకోలేదు.
దీపం వైపే ఒరిగి ఉన్నాయి.
వాటి ఎరుకలో సూర్యుడంటే అదే.

సిగ్వాతుర్ లేచి దీపం ఆర్పాడు.
రెండు చేతులా మూతని ఎత్తి,
వాకిట్లోకొచ్చిన కొత్త చుట్టానికి
ఇంట్లోవాళ్ళని చూపిస్తున్నట్టు
మెల్లగా అటు తిప్పి పెట్టాడు.